కట్టిన చోట రంగెక్కదు

"అమ్మా, మీరు మధ్యమం ఎందుకు పాడుతున్నారు?"

మోహన రాగం మొదలుపెట్టిన మూడో ఆదివారం మా గురువుగారు పాఠం మధ్యలో ఆపి నన్ను అడిగిన మాట ఇది. నేను మధ్యమం పాడుతున్నానని నాకే తెలియదు. పుస్తకంలో ఉన్నది స రి గ ప ధ స. నేను పలికిందీ అదే. అయితే నోరు ఒకటి అంటుంటే గొంతు ఇంకోటి చేస్తోంది. గాంధారం (గ) నుంచి పంచమానికి (ప) ఒక్క అడుగులో వెళ్లలేక, మధ్యలో ఒక మెట్టు వెతుక్కుని, దాని మీద కాలు మోపి దాటుతోంది. ఆ మెట్టే మధ్యమం. ఈ రాగంలో దానికి చోటు లేదు.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి, అక్కడే సంసారం చేసుకుంటూ, ఆదివారం పొద్దున బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి సంగీతం నేర్చుకుంటున్న రోజులు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నేను చాలా దూరం నడిచాను. ఈ అధ్యాయం ఆ నడక గురించే. మీకు సంగీతం రాకపోయినా ఫరవాలేదు. ఇందులో చెప్పే సాధన చెయ్యడానికి అయిదు స్వరాలు చాలు. అవి ఎక్కడ దొరుకుతాయో కూడా చెబుతాను.

ముందు రాగం సంగతి. ఏడు స్వరాలతో నిండుగా ఉండే హరికాంభోజి, మన 72 మేళకర్తల్లో, అంటే తల్లి రాగాల్లో, 28వది. అందులోంచి మధ్యమాన్నీ నిషాదాన్నీ తీసేస్తే మిగిలేది మోహనం. ఎక్కేటప్పుడూ అయిదే, దిగేటప్పుడూ అయిదే. ఇలాంటివాటిని ఔడవ రాగాలంటారు. సంగీతం మొదలుపెట్టిన పిల్లలు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మాయామాళవగౌళలో పాడి, మలహరిలో పిళ్లారి గీతాలు పూర్తి చేసి, ఆ వెంటనే మోహనంలో 'వరవీణా' గీతానికి వస్తారు. మలహరి ఎక్కేటప్పుడు అయిదు స్వరాలే అయినా, దిగేటప్పుడు గాంధారం వచ్చి కలుస్తుంది. రెండు దారుల్లోనూ రెండు స్వరాలు లేకుండా నడవడం మనకు మొదట నేర్పేది మోహనమే. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ మీద సాగే 'లాహిరి లాహిరి' పాట ఈ రాగమే. ఆ పాట వింటూ ఏదో తక్కువైందని ఎవరికైనా అనిపించిందా? రెండు స్వరాలు లేవన్న సంగతే మన చెవికి తట్టదు.

అలా వదిలేసిన స్వరాలకు శాస్త్రం పెట్టిన పేరు వర్జ్య స్వరాలు. ఈ మాట మన ఇంటి గోడ మీద కూడా రోజూ కనిపిస్తుంది. పంచాంగంలో, క్యాలెండర్‌లో, రాహుకాలం పక్కన. వర్జ్యం అంటే నాలుగు ఘడియలు, దాదాపు గంటా ముప్పై ఆరు నిమిషాలు ఏ పనీ మొదలుపెట్టకుండా వదిలేసే సమయం. దాన్ని నమ్మాలా లేదా అన్నది మీ ఇష్టం. నాకు నచ్చింది ఆ మాటే. రోజులో కొంత భాగాన్ని తాకకుండా ఉంచాలన్న ఆలోచన మన పెద్దలకు ఉంది. దానికి ఒక పేరు పెట్టి, గోడకు తగిలించి మరీ ఇచ్చారు.

గురువుగారు అడిగిన ప్రశ్నతో ఇంటికి వచ్చేసరికి నాయిన వసారాలో చిటికి కడుతున్నాడు. బయటివాళ్లు ఇక్కత్ అంటారు, టై అండ్ డై అంటారు. మా ఇళ్లల్లో అది చిటికి. చట్రం మీద పట్టు పోగులు బిగించి, గీసుకున్న డిజైను ప్రకారం గుర్తులు పెట్టుకుని, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీతో గట్టిగా చుట్టి కడతారు. తర్వాత ఆ పోగుల్ని రంగులో ముంచుతారు. పోగంతా ఎర్రబడుతుంది, కట్టిన చోటు మాత్రం తెల్లగా ఉండిపోతుంది. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. చివరికి బ్లేడుతో ఒక్కో కట్టు కోస్తారు. చెయ్యి కాస్త జారిందంటే రబ్బరుతో పాటు పోగూ తెగుతుంది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే ఇది. ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశాను. నాయిన వేళ్లు కడుతున్నది పువ్వును కాదు, పువ్వు కాని చోటును. మన కంటికి కనిపించే డిజైను సగం ఆయన రంగు అంటనివ్వని జాగాలోంచే వస్తోంది.

"గట్టిగ గుంజి కట్టాలె బిడ్డా. సందు దొరికిందంటే రంగు ఆగదు" అన్నాడు, నేనేం అడగకుండానే. ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు. పక్కన కూర్చున్న మా తమ్ముడి కొడుక్కి పని నేర్పుతున్నాడు. నాకు మాత్రం వినబడింది నా పాఠమే. గ కీ ప కీ మధ్య నా కట్టు వదులుగా ఉంది. ఆ సందులోంచే మధ్యమం లోపలికి వస్తోంది.

ఇక్కడ మీరు ఒక్క సంగతి నిదానంగా ఆలోచించాలి. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో చాలావాటికీ నాకూ పేచీ ఇక్కడే. అవి చెడ్డ అలవాట్లు మానెయ్యమంటాయి. మానెయ్యవలసిందే, కాదనను. కానీ మోహనం వదిలేసినవి చెడ్డ స్వరాలు కావు. హరికాంభోజిలో ఆ మధ్యమం, ఆ కైశికి నిషాదం ఎంత ముచ్చటైనవో పాడేవాళ్లకు తెలుసు. వాటిని వదిలేస్తే మిగిలిన వాటికి చోటు వస్తుంది, గాంధారం మీద నిలబడే తీరిక వస్తుంది. వదలడం అంటే చెత్త ఊడ్చుకోవడం అనుకున్నంతకాలం మన జీవితంలో పెద్ద మార్పేమీ రాదు. మనకు ఊపిరాడకుండా చేసేవి చాలాసార్లు మంచి పనులే.

మా ఊరికి ఈ సంగతి కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు భూమిలేని దళిత కుటుంబాలు ఆయన్ను 80 ఎకరాలు అడిగాయి. సభలోంచి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, మా ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. ఆయన వదులుకున్నది పనికిరాని వస్తువు కాదు, భూమి.

నా లెక్క చెబుతాను. అప్పట్లో నేను చేస్తున్న పనులు: చీరల ఆర్డర్లు చూడటం, మా పొదుపు సంఘం పుస్తకాలు రాయడం, సాయంత్రం పది మంది పిల్లలకు ట్యూషన్, బంధువుల మధ్య నడిచే ఒక చీటీ, ఇంటి పని, అత్తమ్మ మందులు, ఆదివారం సంగీతం. ఏడు. నేను వెతికి కుదిర్చిన అంకె కాదిది, నోటు పుస్తకంలో రాసుకుంటే వచ్చిన అంకె. ఇందులో ఒక్కటైనా చెడ్డ పని ఉందా? లేదు. ఒక్కటైనా నిండుగా చేస్తున్నానా? అదీ లేదు. ట్యూషన్‌లో కూర్చుని ఆర్డరు గురించి ఆలోచించేదాన్ని. సంఘం లెక్క రాస్తూ పిల్లాడి తప్పు దిద్దేదాన్ని. ఒక నెల సంఘం పుస్తకంలో ఒకరి కిస్తీ ఇంకొకరి పేరు మీద రాశాను. తప్పు నాదే. ఆ ఇద్దరి మధ్య మాటా మాటా పెరిగి నా ముందే పంచాయితీ అయింది.

ట్యూషన్, చీటీ వదిలేశాను. అప్పుడు ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. నెలకు రెండు వేల పైచిలుకు తగ్గింది, ఆ డబ్బు నాకు చిన్నదేమీ కాదు. ఒక పిల్లాడి తల్లి చాలాకాలం నాతో మాట్లాడలేదు. అన్నిటికంటే వింత, ఆరింటి నుంచి ఏడున్నర దాకా దొరికిన ఆ ఖాళీ వారం తిరక్కుండానే నిండిపోయింది. ఫోన్‌తో, పక్కింటి ముచ్చట్లతో, రేపు చెయ్యాల్సిన పని ఇవాళే ఎత్తుకోవడంతో. ఎలా నిండిందో నాకు తెలియనే లేదు. సందులోంచి జారిన మధ్యమం అంటే ఇదే. వదిలానని నోటితో అన్నాను. కట్టు మాత్రం గట్టిగా కట్టలేదు.

అందుకని సాధన ఎలా చెయ్యాలో ఇప్పుడు చెబుతాను. ఇది గొంతుతోనే మొదలవ్వాలి. ఊరికే చదివి తల ఊపితే రాదు.

ఇంట్లో హార్మోనియం కానీ, పిల్లల కీబోర్డు కానీ, లేకపోతే ఫోన్‌లో పియానో యాప్ కానీ తెరవండి. నల్ల మెట్లు చూడండి. ఒకచోట మూడు, ఒకచోట రెండు గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి నల్ల మెట్టును స అనుకోండి. దాని పక్కది రి, ఆ పక్కది గ. తర్వాత వచ్చే రెండింటి గుంపు ప, ధ. మళ్లీ మూడింటి గుంపులో మొదటిది పై స. తెల్ల మెట్టు ఒక్కటీ ముట్టకండి. మీరు వాయించింది మోహనం. ఈ అయిదు స్వరాల వరుస ఒక్క మనదే కాదు. హిందుస్తానీలో దీన్నే భూప్ అంటారు, చైనా పాటల్లో వినిపిస్తుంది, స్కాట్లాండ్ పల్లెపాటల్లోనూ వినిపిస్తుంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని జనం ఇన్ని చోట్ల ఇవే అయిదింటి దగ్గరికి వచ్చి ఆగారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి వారం పాట జోలికి వెళ్లకండి. గ పట్టుకుని నాలుగు లెక్కల సేపు నిలవండి. ఆపండి. పూర్తిగా మౌనంగా ఒక ఊపిరి తీసుకోండి. తర్వాత ప. మళ్లీ అంతే. ఆ మౌనాన్ని రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గిస్తూ రండి. ధ కీ పై స కీ మధ్య కూడా ఇలాగే చెయ్యాలి, నిషాదం ఉండవలసిన ఖాళీ అక్కడే ఉంది. రెండో వారం నుంచి దిగడం. స నుంచి ధ కి, ప నుంచి గ కి. ఎక్కడం కన్నా ఇది కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు గొంతు జారుడుబండ ఎక్కుతుంది. నాకు గ, ప ల మధ్య శుభ్రం కావడానికి అయిదు వారాలు పట్టింది. మీకు ముందే రావచ్చు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ చెయ్యాలి.

ఈ సాధనతో పాటే, నలభై రోజుల మండలం పాటు జీవితంలోనూ రెండు వర్జ్యాలు పెట్టుకోండి. రెండే. మీకు నచ్చి, మీరు బాగా చేసే పనుల్లోంచి ఏరుకోండి. ఇంట్లోవాళ్లకు, సంబంధం ఉన్నవాళ్లకు నోరు తెరిచి చెప్పండి. చెప్పని వర్జ్యం నిలవదు. ఆ పని చేసే వేళకు అదే చోట కూర్చుని ఏమీ చెయ్యకుండా ఒక్క పది నిమిషాలు ఉండండి. గ, ప ల మధ్య తీసుకునే ఊపిరి లాంటిది అది. ఆ పది నిమిషాలు నాకు నరకంలా ఉండేవి మొదట్లో. చెయ్యి దానంతట అదే ఫోన్ మీదికి పోయేది. పదో రోజో పన్నెండో రోజో ఒక సాయంత్రం మా అమ్మ లోపల కండెలు చుడుతున్న చప్పుడు వినబడింది. ఏళ్ల తరబడి ఆ చప్పుడు పక్కనే పెట్టుకుని వినలేదు నేను.

ఎంతవరకు కట్టాలి అని మీరు అడగవచ్చు. పోచంపల్లి చీర దగ్గరగా పట్టుకుని చూడండి. పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు. రంగు కట్టు కిందికి వెంట్రుకవాసి పాకి, అంచు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తుంది. ఆ చెదరడం చూసే ఇది అచ్చు వేసిన గుడ్డ కాదు, చిటికి కట్టి నేసిన చీర అని తెలిసినవాళ్లు గుర్తుపడతారు. మోహనంలో రి, ధ కూడా రాయిలా నిలబడవు, గమకంతో ఊగుతాయి. ట్యూషన్ మానేసినా, ఎదురింటి పిల్ల ఒక లెక్క పట్టుకుని గడపలోకి వస్తే నేను చెప్పకుండా పంపలేదు. అది కట్టు విడిపోవడం కాదు. పదిమంది మళ్లీ చాప మీద కూర్చుంటే అప్పుడు విడిపోయినట్టు.

ఏది వదలాలో తేల్చుకోవడంలో పొరపాటు పడేవాళ్లకు ఒక మాట. వదలవలసిన దాని బదులు వదలకూడనిది వదిలేసినవాళ్లను నేను చూశాను. తేడా ఏమిటో మా పనిలోంచే చెబుతాను. చిటికి కట్టేముందు పోగును ఆసు పొయ్యాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, వాటి చుట్టూ చేత్తో దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. చేత్తో చేస్తే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఆ పని మా ఆడవాళ్లదే. భుజం పడిపోయినా రేపటి చీర రేపు ఉంటుంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో ఆగిన చదువుతోనే, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన తీసేసిందేమిటో చూడండి. నొప్పి తీసేశారు. ఆసును తియ్యలేదు, చిటికిని తియ్యలేదు. పని కష్టంగా ఉందని చేనేతే మానేసి వెళ్లినవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగాలి. కానీ షడ్జమాన్ని, అంటే స ని, వర్జ్యం చేసిన రాగం ఏదీ లేదు. మీ జీవితంలో షడ్జమం ఏదో ముందు తేల్చుకుని, దాన్ని ఈ లెక్కలోంచి పక్కన పెట్టండి. నాకు అది మగ్గం.

ఇంకో తొందర కూడా వద్దు. రెండు వదిలితే ఇంత బాగుంటే మూడు వదిలితే ఇంకెంత బాగుంటుందో అనిపిస్తుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కల్పించారు. అయిదుకు తగ్గితే రాగం ఎలా అవుతుందని దాని మీద పెద్ద వాదమే నడిచింది. ఆయన నిలబెట్టగలిగారు, ఎందుకంటే అంతకు ముందు 72 మేళకర్తల్లోనూ కృతులు రాసిన మనిషి ఆయన. మనం అయిదుతో మొదలుపెడదాం.

ఇప్పుడు మళ్లీ నల్ల మెట్ల దగ్గరికి రండి. ఈ భాగం నాకు ప్రాణం. అవే అయిదు మెట్లు. ఏదీ కలపకండి, ఏదీ తియ్యకండి. స ని మాత్రం మార్చండి. ఇందాక రి అనుకున్న మెట్టును ఇప్పుడు స అనుకుని అక్కడి నుంచి పై దాకా వాయించండి. కచేరీ చివర మంగళకరమని పాడే మధ్యమావతి వస్తుంది. గ నుంచి మొదలుపెడితే హిందోళం, త్యాగరాజస్వామి 'సామజవరగమన' రాగం. ప నుంచి శుద్ధ సావేరి. ధ నుంచి శుద్ధ ధన్యాసి. దీన్ని గ్రహభేదం అంటారు. ఒక్క మోహనంలో అయిదు రాగాలు కూర్చుని ఉన్నాయి. వెన్నెల లాంటి మోహనానికీ లోతుగా తడిమే హిందోళానికీ మెట్లు అవే అంటే మొదటిసారి నేను నమ్మలేదు. వాయించి చూశాక అరగంట అలాగే కూర్చున్నాను.

ఉన్న పనులతో విసుగు పుట్టినప్పుడు మనం కొత్త పని నెత్తికెత్తుకుంటాం. ఈసారి అలా కాకుండా, ఉన్న అయిదింటిలో ఒకదాన్ని స చేసి చూడండి. అత్తమ్మ మందులు నాకు చాలాకాలం రోజు మధ్యలో వచ్చే అడ్డు. ఆవిడకు ఒంట్లో బాగా లేని ఒక వర్షాకాలంలో అవే స అయ్యాయి. ఆర్డర్లు, సంఘం, సంగీతం అన్నీ ఆవిడ నిద్ర లేచే వేళ చుట్టూ సర్దుకున్నాయి. పని పెరగలేదు, తగ్గలేదు. ఇంటి స్వరం మాత్రం మారింది. అత్తమ్మ తన చిన్నతనంలో చౌటుప్పల్ దారిన తలమీద చీరల మూట పెట్టుకుని నడిచిన ముచ్చట చెప్పింది అప్పుడే. అంతకు ముందు నేనెన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నా గ, ప ల మధ్య శుభ్రమైన రోజు గురువుగారు ఏమీ అనలేదు. వరవీణా పూర్తిగా రెండుసార్లు పాడించుకున్నారు. పుస్తకం మూసి, శ్రుతి పెట్టె ఆపకుండా, "ఇవాళ బిలహరి మొదలుపెడదాం" అన్నారు.

బిలహరి ఎక్కేటప్పుడు అచ్చం మోహనమే. స రి గ ప ధ స. దిగేటప్పుడు మాత్రం నిషాదం వస్తుంది, మధ్యమం వస్తుంది. పై షడ్జం దాకా అలవాటుగా ఎక్కాను. అక్కడి నుంచి ని, ధ, ప. తర్వాత ఆగిపోయాను. వారాల తరబడి రానివ్వకుండా కట్టి ఉంచిన స్వరం, ఇప్పుడు పాడాలి. గురువుగారు నా వైపు చూసి చిన్నగా తల ఊపారు. మ అన్నాను. బస్టాండులో దిగి సంచి చేతపట్టుకుని వస్తున్న మేనత్తను దూరం నుంచి గుర్తుపట్టినట్టుంది. ఇన్నేళ్లుగా నా గొంతు దాన్ని పలుకుతూనే ఉంది, అది ఎలా ఉంటుందో వినడం మాత్రం ఆ రోజే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వసారాలో నాయిన బ్లేడు పట్టుకుని రంగు ఆరిన పోగుల మీద కట్లు కోస్తున్నాడు. నల్లటి రబ్బరు ముక్కలు ఒళ్లో రాలుతున్నాయి. ఒక్కో ముక్క రాలినప్పుడల్లా ఎర్రటి పోగు మధ్యలో ఒక తెల్లటి గింజ బయటపడుతోంది. నేను పక్కన చాప మీద కూర్చుని, ఆయన కోసినవి ఏరి గంపలో వేస్తూ, స నుంచి మొదలుపెట్టాను.